మిషన్ ఆసుపత్రిలో వాలంటీరు పని గురించి నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఆరేళ్లు ఐసీయూ నర్సుగా చేశాక, దక్షిణ ఒడిశా కొండల్లో ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో 14 నెలలు వాలంటీరుగా పనిచేసి వచ్చాను. వచ్చినప్పటి నుంచి చర్చి సంఘంలో, హాస్టల్ ఫ్రెండ్స్ గ్రూపులో, చివరికి చుట్టాల పెళ్లిళ్లలో కూడా ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మిషనరీ అంటే విదేశాల నుంచి వచ్చే తెల్లవాళ్లు కదా, నువ్వు మిషనరీవి ఎలా అవుతావు?

మా అమ్మమ్మ కూడా ఇదే అడిగింది. ఆమెది గుంటూరు. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. మిషన్ వాళ్లు ఆమెను పంపింది ఆడపిల్లలకు చదువు చెప్పమని, కానీ చేతిలో వైద్యం ఉండి కళ్లముందు ఆడవాళ్లు కాన్పుల్లో చనిపోతుంటే చూస్తూ కూర్చోలేక వైద్యం మొదలుపెట్టారు. ఆసుపత్రి కట్టేసరికి 1898 అయింది. మా అమ్మ పుట్టింది ఆ ఆసుపత్రిలోనే, అందుకే అమ్మమ్మ దృష్టిలో మిషనరీ అంటే ఆ డాక్టరమ్మే. నిజామాబాద్ వైపువాళ్లయితే డిచ్‌పల్లి పేరు చెబుతారు. అక్కడ ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో కుష్ఠరోగుల కోసం ఆసుపత్రి తెరిచారు. దానికి పెద్ద మొత్తం ఇచ్చినాయన రాజా నర్సాగౌడ్, ఆయన హిందువు. ఈ సంగతి నేను కావాలనే చెబుతున్నాను, ఎందుకంటే ఈ ఆసుపత్రులు ఒక్క మతం డబ్బుతోనే లేచాయనుకుంటే పొరపాటు.

ఇప్పుడు పరిస్థితి వేరు. విదేశీ మిషనరీలు తగ్గిపోతున్న రోజుల్లో, 1970లో, ఉత్తర భారతంలోని కొన్ని మిషన్ ఆసుపత్రులు కలిసి ఇమ్మాన్యుయేల్ హాస్పిటల్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. నేను పనిచేసిన చోట కూడా అందరూ ఈ దేశంవాళ్లే, కేరళ డాక్టరు గారు, మిజోరం నుంచి వచ్చిన ల్యాబ్ తమ్ముడు, ఒడియా సిస్టర్లు, నేను. మిషనరీ అనే మాట నాకు కాస్త పెద్దదే. డ్యూటీలో అందరూ సిస్టర్ అనే పిలిచేవాళ్లు, నాకు అదే బాగుండేది.

ఈ పనికి దేవుని పిలుపు వచ్చిందని ఎలా తెలిసింది? కలలో ఏమైనా కనిపించిందా?

లేదు. మన సంఘాల్లో పిలుపు అనగానే వేలూరు ఐడా స్కడర్ కథ చెబుతారు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల్ని చూడమని ఆమెను అడిగారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన తండ్రిని తీసుకెళ్లమంటే, పరాయి మగవాడిని లోపలికి రానివ్వలేమన్నారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. అమెరికాలోనే ఉండిపోవాలనుకున్న అమ్మాయి, డాక్టరు చదువుకుని 1900లో వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. చిత్తూరు, నెల్లూరు నుంచి ఈరోజుకీ జనం రైలెక్కి వెళ్లే సీఎంసీ ఆసుపత్రి అలా మొదలైందే.

నాకు అలాంటి రాత్రి ఏదీ లేదు. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో నాన్నకు ఆక్సిజన్ 80కి పడిపోయింది. నేను పనిచేసే చోటే బెడ్ దొరికింది, బతికారు. ఆ తర్వాత ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాం, 80 మందికి బిర్యానీ. పాస్టర్ గారు చాలా బాగా వాక్యం చెప్పారు. ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే ఒక్కటే ఆలోచన. నాన్నకు బెడ్ దొరికింది నేను అక్కడ నర్సుని కాబట్టి, అదే వారం మా గేటు బయట ఆటోలో ఉన్నవాళ్లకు దొరకలేదు, నేను కళ్లారా చూశాను. మేం చెప్పిన స్తోత్రం నిజమే, కానీ తిరిగి మా వాళ్లకే భోజనం పెట్టుకున్నాం. ఆ ఆలోచన రెండేళ్లు పోలేదు. పిలుపంటే ఇదేనా అని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను, కానీ నిద్ర పట్టనివ్వని ఆలోచన ఒకటి మీకూ ఉంటే దాన్ని పక్కకు తోయకండి, అంతే.

జీతం ఇస్తారా?

నాకు గది, మెస్ భోజనం, నెలకు చిన్న అలవెన్సు ఇచ్చారు. ఫోన్ రీచార్జికి, సబ్బులకు, ఆరునెలలకోసారి ఇంటికి రైలు టికెట్‌కు సరిపోయింది. ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా ఉంటుంది, వెళ్లేముందు సిగ్గుపడకుండా అడగండి. ఇంటి లోన్ ఉన్నవాళ్లు, చెల్లి పెళ్లి బాధ్యత ఉన్నవాళ్లు ముందు అది చూసుకోండి, దేవుడు చూసుకుంటాడని చెప్పి ఇంట్లోవాళ్ల మీద భారం వేసి రావద్దు. నేను ఏడాదిన్నర డబ్బు దాచుకుని, ఈఎంఐ అయిపోయాకే వెళ్లాను. అది విశ్వాసం తక్కువై కాదు.

ఇంట్లో ఎలా ఒప్పుకున్నారు?

అమ్మ మూడు నెలలు సరిగా మాట్లాడలేదు. పెళ్లి వయసులో కొండల్లోకి ఏంటే అంది. నాన్నే ఒప్పించారు.

వారం రోజులు మెడికల్ క్యాంపుకు వెళ్తే సరిపోదా?

కంటి ఆపరేషన్లు, పళ్లు, గ్రహణం మొర్రి సర్జరీ లాంటివి అనుభవమున్న టీమ్ వచ్చి చేస్తే వారంలో కూడా ఎంతో మేలు జరుగుతుంది. కానీ నర్సుగా వారానికి వస్తే నిజం చెప్పాలంటే మీకు పని నేర్పడానికే అక్కడివాళ్లకు వారం పోతుంది. వార్డు ఎక్కడ, మందులు ఏ బీరువాలో, కరెంటు పోతే ఏం చేయాలి, అక్కడి గిరిజనుల కువి భాష మాట్లాడే అవ్వకు ఇంజెక్షన్ గురించి ఎవరితో చెప్పించాలి, ఇవన్నీ తెలిసేసరికి నాకు రెండు నెలలు పట్టింది. కనీసం ఆరు నెలలు ఉండగలిగితేనే రండి అంటాను. బీపీ మాత్రలు పంచి వెళ్లిపోయే క్యాంపులంటే నాకు ఇష్టం లేదు. నెల తర్వాత ఆ మాత్రలు అయిపోయాక ఎవరు చూస్తారు?

అక్కడ రోజు ఎలా గడుస్తుంది?

ఉదయం 7:30కి చాపెల్‌లో పావుగంట ప్రార్థన, తర్వాత రౌండ్స్, తర్వాత ఓపీ, మధ్యాహ్నానికి ఎప్పుడో భోజనం. వానాకాలంలో జ్వరం అంటే ముందు మలేరియా కిట్‌తో వేలిని పొడవడమే. ఒడిశాలో మలేరియా మునుపటి కంటే చాలా తగ్గింది, ప్రభుత్వం 2017 నుంచి మారుమూల ఊళ్లకు వెళ్లి పరీక్షలు చేస్తోంది, దోమతెరలు ఇస్తోంది, ఆ పని చేసే ఆశా అక్కలకు నిజంగా దండం పెట్టాలి. అయినా తీవ్రమైన కేసులు ఇంకా వస్తాయి. టీబీ, కాన్పులు, రక్తహీనత, సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి నొప్పులతో మెలికలు తిరిగే పిల్లలు, పాముకాట్లు. ఐసీయూలో మానిటర్ చూసి పనిచేయడం అలవాటైన నాకు ఊపిరి లెక్కపెట్టడం, కనురెప్ప లాగి రక్తం ఉందో లేదో చూడటం మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

రోగులు కృతజ్ఞత చూపిస్తారా? కాళ్లమీద పడతారా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లే ఎక్కువ. దీనికి కాస్త పొడుగు జవాబు చెప్పాలి.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున తొమ్మిదేళ్ల బాబుని తీసుకొచ్చారు. రాత్రి నేలమీద పడుకున్నాడు, కడుపునొప్పి అని లేచాడు, కాసేపటికి రెప్పలు వాలిపోయాయి. ఎక్కడా వాపు లేదు, గాటు కనబడలేదు. కట్లపాము కరిస్తే ఇలాగే ఉంటుంది, అందుకే చాలామంది కడుపునొప్పే కదా అనుకుని ఆలస్యం చేస్తారు. పాము విషానికి విరుగుడు మందు, యాంటీవెనమ్, పది వయల్స్ ఎక్కించాం. ఈలోపే ఊపిరి ఆగిపోతోంది. గొట్టం వేశాం, కానీ ఉన్న ఒక్క వెంటిలేటరు అప్పటికే ఇంకొకరికి పెట్టి ఉంది. ఇక ఊపిరి అందించే అంబూ బ్యాగ్ చేత్తో నొక్కడమే, నిమిషానికి దాదాపు ఇరవైసార్లు, ఆపకుండా. నేను, ఇంకో సిస్టరు, వార్డు ఆయమ్మ, ఆ బాబు మేనమామ వంతులవారీగా నొక్కాం. ముప్పై గంటలు. రెండో రోజు మధ్యాహ్నానికి వేళ్లు కదిలించాడు, నాలుగో రోజు అన్నం తిన్నాడు.

ఆరో రోజు నేను డ్యూటీకి వచ్చేసరికి మంచం ఖాళీ. వెళ్లిపోయారు. బిల్లులో చాలా భాగం ఆసుపత్రి మాఫీ చేసింది, అయినా ఎవరితో ఒక మాట చెప్పలేదు. నాకు బాధేసింది, కోపం కూడా వచ్చింది. ఆ సాయంత్రం మా సీనియర్ సిస్టర్ దగ్గర అదే అన్నాను, ఇంత చేస్తే ఒక్క మాట చెప్పి వెళ్లకూడదా అని. ఆమె అక్కడ ఇరవై ఏళ్లుగా ఉంది. నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "వాళ్లు ఆరు రోజుల కూలి వదులుకున్నారు, మేకను అమ్మి జీపు మాట్లాడుకుని వచ్చారు, ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలున్నారు, త్వరగా వెళ్లాలి కదా" అంది. తర్వాత, "అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా ఎవరు నొక్కారమ్మా బ్యాగ్?" అని అడిగింది.

ఆ మేనమామ. నేను అలసిపోయి గోడకు ఆనుకుని కునుకు తీస్తుంటే నన్ను లేపకుండా ఐదు గంటలు ఒక్కడే నొక్కాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. నేను ఆయనకు థాంక్స్ చెప్పనేలేదు.

అప్పటి నుంచి నేను ఒక నిర్ణయానికి వచ్చాను, ఎవరు అడిగినా ఇదే చెబుతాను. కృతజ్ఞత చెప్పాల్సిన బాధ్యత రోగి మీద లేదు, మన మీద ఉంది. ప్రాణం మన చేతిలో పెట్టింది వాళ్లు, మన భాష రాకపోయినా సూది గుచ్చనిచ్చింది వాళ్లు. పేదవాడి నోటి నుంచి థాంక్స్ కోసం ఎదురుచూస్తే అది కూడా ఫీజు వసూలు చేయడమే. లూకా సువార్త 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు, ఒక్కడే తిరిగొచ్చాడు. మిగతా తొమ్మిదిమంది ఏరని యేసయ్య అడిగాడు, కానీ వాళ్లకిచ్చిన స్వస్థత వెనక్కి తీసుకున్నట్టు ఎక్కడా లేదు. చిన్నప్పటి నుంచి విన్న వాక్యమే, ఆ ఖాళీ మంచం చూసేదాకా నాకు ఈ మాట తట్టలేదు.

ప్రార్థన చేసినా రోగి చనిపోతే దేవునికి కృతజ్ఞత ఎలా చెబుతావు?

నాలుగేళ్ల పాప. మెదడుకెక్కిన మలేరియా, ఫిట్స్ ఆగడం లేదు. మలేరియా ఇంజెక్షన్ ఆర్టిసునేట్, పాప వచ్చిన వెంటనే ఒకటి, 12 గంటలకు ఒకటి ఇచ్చాం, మూడోది 24 గంటలకు ఇవ్వాలి. అంతవరకు ఉండలేదు, తెల్లవారుజామున నాలుగింటికి పోయింది. నేను ఆ రాత్రంతా ప్రార్థన చేశాను. ఇంకా ఒకరోజు ముందు తెచ్చుంటే బతికేదేమో, కానీ వాగు పొంగి దారి మూసుకుపోయింది. వాళ్ల నాన్న భుజాన వేసుకుని దాటించాడు.

అప్పుడు ఇంటి నుంచి ఒక ఆంటీ ఫోన్లో, అన్నిటికీ స్తోత్రం చెప్పాలమ్మా, దేవుని చిత్తం అంది. ప్రేమతోనే అంది. నేను చెప్పలేకపోయాను. తర్వాత చాలా రోజులు ఆ వాక్యం తీసి చదివాను, మొదటి థెస్సలొనీకయ 5:18. "ప్రతి విషయమునందును" అని ఉంది. ప్రతి విషయం కోసం అని లేదు. ఈ తేడా నన్ను నిలబెట్టింది. పాప పోయినందుకు నేను కృతజ్ఞత చెప్పను, వాగు మీద వంతెన లేనందుకు అసలే చెప్పను, అది దేవుని చిత్తం అని కూడా అనను, అది మనుషులు కట్టాల్సింది. కానీ ఆ రాత్రిలో కూడా, పాప తల్లి పక్కన కూర్చుని ఆమె ఏడుపు ఆపేదాకా చేయి పట్టుకున్న ఆయమ్మ ఉంది. ఆ ఆయమ్మ కోసం చెప్పగలను.

విశ్వాసం తగ్గిందా అని కూడా అడుగుతారు. మారింది. ఇంతకుముందు నా ప్రార్థన అంతా ఇది చెయ్యి, అది చెయ్యి అనే ఉండేది. ఇప్పుడు చాలాసార్లు మాటలే ఉండవు, పేషెంట్ పక్కన నిలబడి ఊరుకుంటాను. అది తక్కువ ప్రార్థన అని నాకు అనిపించడం లేదు.

కృతజ్ఞత పుస్తకం రాసేదానివట, ఏం రాస్తావు?

రాత్రి డ్యూటీ అయ్యాక ఒక లాంగ్ నోట్‌బుక్‌లో ఆ రోజు నాకు సాయం చేసినవాళ్ల పేర్లు మాత్రమే రాస్తాను. ఫీలింగ్స్ రాయను. జనరేటర్‌కు డీజిల్ తెచ్చినతను, నాకు నరం దొరకకపోతే దొరికించిన సిస్టరు, కువిలో నా మాట చెప్పిపెట్టిన ఆయమ్మ. మర్నాడు వాళ్లలో కనీసం ఒకరికి నోటితో చెప్పాలి, అది నాకు నేను పెట్టుకున్న రూలు. పాప పోయిన రోజు పేజీలో ఆ తల్లి చేయి పట్టుకున్న ఆయమ్మ పేరు ఒక్కటే ఉంది.

మతం మార్చడానికే ఇదంతా అంటారు కదా, దానికేమంటావు?

కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. వైద్యాన్ని ఎర చేసి మతం గురించి అడిగేవాళ్లు ఎక్కడైనా ఉంటే అది తప్పు. ఒడిశాలో 1967 నుంచే బలవంతంతోనో, ఆశ చూపించో, మోసంతోనో మతం మార్చడం నేరమని చట్టం ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, సెలైన్ ఎక్కుతున్న మనిషి లేచి వెళ్లిపోలేడు, కాదనే బలం కూడా ఉండదు. అలాంటివాడి ముందు నిలబడి బోధించడం నాకు న్యాయంగా కనబడదు. మేము అడిగితే ప్రార్థన చేసేవాళ్లం, అడగకపోతే లేదు. చాలామంది అడిగేవాళ్లు, తర్వాత ఇంటికెళ్లి తమ దేవతకు మొక్కు కూడా తీర్చుకునేవాళ్లు. దానికి నాకెందుకు బాధ? కుగ్లర్ గారి దగ్గర భార్యకు వైద్యం చేయించిన ఏలూరు రాజా గారు, రోగుల బంధువులు ఉండటానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. అది ఆయన తన ఇష్టంతో చేసిన పని, ఎవరూ అడగలేదు.

అందుకే ఇంకోమాట, సంఘంలో సాక్ష్యం చెప్పడానికి పేషెంట్ల ఫోటోలు చూపించమని నన్ను అడగొద్దు. నేను తీయలేదు. మనవాళ్ల ఫోటో ఎవరైనా అలా తెర మీద వేస్తే ఒప్పుకుంటామా?

భయం వేయలేదా? గ్రాహం స్టెయిన్స్ గారిని చంపింది అక్కడే కదా?

మేమున్న చోటు వేరు, ఆయన్ను చంపింది ఉత్తర ఒడిశాలో. కానీ ఆ భయం అమ్మకు ఉండేది, అందుకే ఈ పేరు మా ఇంట్లో చాలాసార్లు వచ్చింది. బారిపదలో ముప్పై ఏళ్లకు పైగా కుష్ఠరోగుల మధ్య పనిచేసిన మనిషిని, ఇద్దరు చిన్న కొడుకులతో సహా 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో బండిలోనే తగలబెట్టారు. భార్య గ్లాడిస్ గారు చంపినవాళ్లను క్షమించానని చెప్పి, కూతురితో అక్కడే ఉండి ఆ పని కొనసాగించారు. 2005లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. నేను అంత గొప్ప మనసు ఉన్నదాన్నని చెప్పను. రోజువారీ భయాలు నావి వేరే, చీకట్లో బాత్రూమ్‌కు వెళ్లే దారి, మందు మోతాదు తప్పు చేస్తానేమో అన్న టెన్షన్.

అక్కా, మేము క్రైస్తవులం కాదు, రావచ్చా?

చాలా ఆసుపత్రులు తీసుకుంటాయి, అడగండి. మా దగ్గర ఫార్మసీ చూసిన అన్న హిందువు, ఉదయం ప్రార్థనకు వచ్చేవాడు కాదు, రాత్రి ఎన్నింటికి పిలిచినా వచ్చేవాడు.

అమెరికాలో ఉంటున్నాం, సెలవుల్లో వచ్చి చేయొచ్చా?

డల్లాస్ నుంచి, న్యూజెర్సీ నుంచి ఈ ప్రశ్న వస్తుంటుంది. మనసు మంచిదే, కానీ కాగితాలు ముందు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లు మిషనరీ పని చేయాలంటే ముందే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021 నోటిఫికేషన్‌లో స్పష్టంగా ఉంది. విదేశీ పౌరులైన డాక్టర్లు జాతీయ వైద్య కమిషన్ అనుమతి లేకుండా పేషెంట్‌ను ముట్టుకోకూడదు. టూరిస్టులా వచ్చి ఒక చేయి వేద్దాం అనుకోవద్దు, చిక్కుల్లో పడేది మీరు కాదు, ఆ ఆసుపత్రి. ఇక్కడి నర్సులు కూడా వేరే రాష్ట్రానికి వెళ్లేటప్పుడు ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సంగతి ముందే చూసుకోవాలి.

రాలేకపోతే డబ్బు పంపడం తక్కువ పనేం కాదు. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బెన్ గల్లిసన్ అనే కెనడా డాక్టరు కళ్ల ఆసుపత్రి నడిపేవారు. ఆయన మాటలు విని కాల్గరీలో ఒక వ్యాపారి, ఆర్ట్ జెంకిన్స్, 1963లో డబ్బు పోగుచేయడం మొదలుపెట్టారు. ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అలా పుట్టింది. అంత దూరంలో ఉన్నవాళ్ల డబ్బుతో మన సోంపేట చుట్టుపక్కల ముసలివాళ్లకు చూపు వచ్చింది.

సామాను ఏం తీసుకెళ్లాలి?

మంచి టార్చిలైటు రెండు, వెనక పట్టీ ఉన్న చెప్పులు, దోమతెర, కాటన్ బట్టలు, మీ పచ్చడి. బూట్లు వేసుకునేముందు దులపండి. మందులు మీ అంతట మీరు మోసుకురావద్దు, ఏం కావాలో అడిగి తెండి, గడువు దాటబోయే శాంపిళ్లు వాళ్లకు చెత్తబుట్ట పని పెంచుతాయి.

మళ్లీ వెళ్తావా?

జూన్‌లో వెళ్తున్నాను, ఈసారి ఏడాదికి. వానలు మొదలయ్యాక జ్వరాలు, పాముకాట్లు పెరుగుతాయి, చేతులు తక్కువయ్యేది అప్పుడే. పోయినసారి నేను చెప్పాల్సినవన్నీ ఆయమ్మ నోటితోనే చెప్పించాను. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆమె ఫోన్ చేసి నాకు కువి నేర్పుతోంది, నిన్నటికి నొప్పి ఎక్కడ అని అడగడం దాకా వచ్చాను.